థార్ అంటే ఏ థార్? బండి వెనక అక్షరాలు చదివి కొనాలనుకునేవారికి

నర్సంపేట దగ్గర మా బావమరిదికి ఆరెకరాల మిర్చి, పక్కన కొంచెం పత్తి ఉన్నాయి. వానలు మొదలవడానికి ముందు ఫోను చేసి, "బావా, హన్మకొండలో ఒక థార్ అమ్మకానికి ఉందట. రంగు బాగుంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. వెళ్లాను. రంగు నిజంగానే బాగుంది. వెనక పెద్ద అక్షరాలతో 4×4 అని స్టిక్కరు కూడా ఉంది. తలుపు తీసి లోపలికి చూస్తే గేరు రాడ్డు ఒక్కటే కనిపించింది. నాలుగు చక్రాలకూ శక్తి కలిపే రెండో చిన్న రాడ్డు ఉండాల్సిన చోట చిల్లర వేసుకునే గుంట ఉంది.

అమ్మే మనిషిని తప్పుపట్టి లాభం లేదు. అతను కొన్నప్పుడే ఆ స్టిక్కరు ఉందన్నాడు, అదీ నిజమే కావచ్చు. మహీంద్రా మూడు తలుపుల థార్‌లో నాలుగు చక్రాలకూ శక్తి పంపే రకం ఉంది, వెనక రెండింటికే పంపే రకమూ ఉంది. బయటి నుంచి చూస్తే రెండూ కవల పిల్లలే. రెండో రకం 2023 జనవరిలో వచ్చింది. దాని డీజిల్ ఇంజన్ పేరు డీ117. మొదటి దానిలో ఉన్నది ఎమ్‌హాక్ 130. ఈ రెండు పేర్లు చదవడం వస్తే స్టిక్కరుతో పని లేదు.

నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే విషయం. విత్తనాల సంచి మీద ముద్దుపేరు చూసి డబ్బులు తీసి ఇచ్చే రైతు మన వైపు దొరకడు. తెలంగాణ సోనా అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 అని, సాంబ మసూరి అంటే బీపీటీ 5204 అని నోటికి చెబుతాడు. ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్, బీపీటీ అంటే బాపట్ల, డబ్ల్యూజీఎల్ అంటే మన వరంగల్ పరిశోధన కేంద్రం అని కూడా తెలుసు. అంకె ఒకటి మారితే పంట కాలం మారుతుందని, గింజ మారుతుందని తెలుసు. అదే మనిషి పది, పదిహేను లక్షల బండి దగ్గరికి వచ్చేసరికి "థార్" అన్న ఒక్క మాటతో తృప్తి పడిపోతాడు. మా బావమరిదికి ఈ పోలిక చెప్పాకే విషయం తలకెక్కింది.

పట్టించుకోనక్కర్లేని కోడ్‌లు

ముందు వీటిని పక్కన పెట్టేద్దాం. కొత్త బండి తయారవుతున్నప్పుడు కంపెనీ లోపల పెట్టుకునే పేర్లు కొన్ని వార్తల్లోకి వస్తాయి. 2020లో వచ్చిన థార్‌ను డబ్ల్యూ501 అన్నారు, స్కార్పియో-ఎన్‌ను జడ్101 అన్నారు, ఎక్స్‌యూవీ500ను డబ్ల్యూ201 అన్నారు. తమాషా ఏమిటంటే స్కార్పియో-ఎన్ రకాలు జడ్2, జడ్4, జడ్8 అయ్యాయి, ఎక్స్‌యూవీ500 రకాలు డబ్ల్యూ6, డబ్ల్యూ8 అయ్యాయి. పుట్టకముందు పెట్టిన ఊయల పేరు ఇంటిపేరుగా మిగిలిపోయినట్టు. తెలుసుకుంటే సరదా, తెలియకపోయినా నష్టం లేదు. సుమో అంటే జపాను మల్లయోధుడు కాదని, టాటా మోటార్స్‌ను నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి వచ్చిందని చెప్పుకోవడమూ ఇలాంటిదే. టీకొట్టు దగ్గర బాగుంటుంది, కొనే రోజున అక్కరకు రాదు.

జపాను బండ్లలో ఈ లోపలి పేర్లకు కొంత విలువ ఉంది. సుజుకీ జిమ్నీ (మన దగ్గర మారుతి అమ్మేది) నాలుగో తరంలో జేబీ64 అంటే 660 సీసీ చిన్న ఇంజన్ బండి, జేబీ74 అంటే 1.5 లీటర్ల మూడు తలుపుల బండి, జేసీ74 అంటే మన దగ్గర అమ్ముతున్న ఐదు తలుపులది. ఫోనులో వెతికి విడిభాగాలు తెప్పించుకునేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి. మూడు తలుపుల దానికి చేసిన సామానులో కొన్ని ఐదు తలుపుల దానికి అతకవు.

అంకె ఏం చెబుతుంది

డీ117లో డీ అంటే డీజిల్, 117 అంటే 117 హార్స్‌పవర్ శక్తి. ఎమ్‌హాక్ 130 అంటే 130 హార్స్‌పవర్. బొలెరోలో ఉన్న ఎమ్‌హాక్ 75, బొలెరో నియోలో ఉన్న ఎమ్‌హాక్ 100 కూడా అంతే. మహీంద్రా ఈ విషయంలో దాపరికం లేకుండా పేరులోనే లెక్క చెప్పేసింది. మారుతి అలా కాదు. జిమ్నీ ఇంజన్ కే15బీలో 15 అంటే 1.5 లీటర్ల పరిమాణం, శక్తి కాదు. అదే అంకెల ఆట, కొలిచేది మాత్రం వేరు. అందుకే ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చకూడదు.

స్కార్పియో-ఎన్‌లో ఇంకో మెలిక ఉంది. జడ్ తర్వాత వచ్చే అంకె హంగుల స్థాయి మాత్రమే అని చాలామంది అనుకుంటారు. కానీ జడ్2 డీజిల్‌లో ఇంజన్ 132 పీఎస్ (హార్స్‌పవర్‌కు దాదాపు సమానమైన కొలత) ఇస్తే, పై రకాల్లో అదే 2.2 లీటర్ల ఇంజన్ 175 పీఎస్ ఇస్తుంది. అంటే అంకెతో పాటు ఇంజన్ బలమూ మారింది. కింది రకం కొని, తర్వాత మంచి సీట్లు, మంచి లైట్లు వేయించుకుందాం అనుకునేవారు ఇక్కడ దెబ్బతింటారు. సీట్లు వేయించుకోవచ్చు, 43 పీఎస్ ఎక్కడ వేయించుకుంటారు?

థార్ దగ్గర ఆ చిన్న అంకె పన్ను మీద కూడా పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ ప్రకారం నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ ఇంజన్ ఉంటే పన్ను 18 శాతం. ఆ గీత దాటితే 40 శాతం. మూడు తలుపుల థార్ పొడవు 3985 మిల్లీమీటర్లు. డీ117 ఇంజన్ 1497 సీసీ, ఎమ్‌హాక్ 130 ఇంజన్ 2184 సీసీ. బండి ఒకటే, పొడవు ఒకటే, పన్ను మాత్రం రెండింతలకు పైన. జిమ్నీ కూడా సరిగ్గా 3985 మిల్లీమీటర్లే. కానీ అది పెట్రోలు, పెట్రోలుకు గీత 1200 సీసీ దగ్గర ఉంది. దాని ఇంజన్ 1462 సీసీ కాబట్టి 40 శాతంలోకి వెళుతుంది. బొలెరో, నియో రెండింటిలోనూ 1493 సీసీ డీజిల్ ఉంది, అవి 18 శాతంలోకి వస్తాయి. నాలుగు చక్రాల శక్తి మీకు నిజంగా అవసరమా అన్న ప్రశ్నకు ఇక్కడే సగం జవాబు ఉంది, ఎందుకంటే దానికి మీరు కడుతున్నది సామాను ధర ఒక్కటే కాదు.

అసలు చదవాల్సిన అక్షరాలు

4×4లో మొదటి నాలుగు చక్రాల సంఖ్య, రెండో నాలుగు శక్తి అందే చక్రాల సంఖ్య. 4×2 అంటే నాలుగింట్లో రెండు. లోపలి చిన్న రాడ్డు మీద లేదా బటన్ల మీద 2హెచ్, 4హెచ్, 4ఎల్ అని ఉంటాయి. హెచ్ అంటే మామూలు వేగం, ఎల్ అంటే నిదానం. 4ఎల్‌లో పడితే చక్రం తిరిగే వేగం సగానికో, అంతకంటే తక్కువకో పడిపోతుంది, లాగే బలం అదే లెక్కన పెరుగుతుంది. ఎద్దును పరుగెత్తించడం వేరు, బురదలోంచి బండి లాగించడం వేరు. రెండోదానికి కావాల్సింది అడుగు వెంట అడుగు. 4ఎల్ లేని బండిని ఎంత గొప్ప పేరుతో పిలిచినా, దిగబడిన చోట ట్రాక్టరు కోసం ఎదురు చూడాల్సిందే.

నన్నడిగితే 4×4 కంటే ఎక్కువ మంది చదవాల్సిన అక్షరాలు ఎంఎల్‌డీ. దీని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన నల్లరేగడిలో పనికొచ్చేది ఇదే. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. అందుకోసం ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. దాని గుణం ఏమిటంటే ఏ చక్రం తేలిగ్గా తిరిగితే దానికే తిరుగుడు ఇస్తుంది. వాన పడ్డ రేగడిలో ఒక చక్రం జారిందంటే ఇంజన్ శ్రమంతా ఆ జారే చక్రానికే పోతుంది. గట్టి నేల మీద ఉన్న రెండో చక్రం కదలకుండా చోద్యం చూస్తుంది. మీరు యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ జారే చక్రం తనకు తాను గోతి తవ్వుకుంటుంది.

ఎంఎల్‌డీ, అంటే యాంత్రికంగా బిగుసుకునే డిఫరెన్షియల్, రెండు చక్రాల వేగంలో తేడా మరీ ఎక్కువైనప్పుడు తనంతట తానే బిగుసుకుని రెండింటినీ కలిపి తిప్పుతుంది. ఐదు తలుపుల థార్ రాక్స్‌లో ఈఎల్‌డీ అని ఉంటుంది, దాన్ని బటన్ నొక్కి బిగించాలి. బీఎల్‌డీ అంటే బిగుసుకునేది ఏమీ లేదు, జారే చక్రానికి బ్రేకు వేసి రెండో దానికి శక్తి మళ్లిస్తుంది. జిమ్నీలోనూ ఈ బ్రేకు పద్ధతే ఉంది. కాసేపటి పనికి బ్రేకు పద్ధతి చాలు. మడి పొడవునా బురదే ఉంటే యాంత్రికమైనదే నయం. థార్‌లో ఏ సంవత్సరం ఏ రకానికి ఎంఎల్‌డీ ఇచ్చారన్నది మారుతూ వచ్చింది. అందుకే ఏఎక్స్, ఎల్ఎక్స్ అన్న అక్షరాలు చూసి ఊహించకూడదు. ఏఎక్స్ సాహస యాత్రలకు, ఎల్ఎక్స్ హోదాకు, హాయికి అని మొదట్లో చెప్పారు. పేరులో సాహసం ఉందని ఇరుసులో లాకు ఉంటుందన్న హామీ ఏమీ లేదు.

ఇక టైరు అంచు మీది అక్షరాలు. థార్ పై రకంలో 255/65 ఆర్18, కింది రకంలో 245/75 ఆర్16 అని ఉంటుంది. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు. రెండోది టైరు పక్క గోడ ఎత్తు, వెడల్పులో ఎన్నో శాతమో చెబుతుంది. చివరిది అంగుళాల్లో రిమ్ము. లెక్క వేస్తే పై రకం పక్క గోడ సుమారు 166 మిల్లీమీటర్లు, కింది రకానిది 184. రాళ్ల దారిలో, గతుకుల్లో రబ్బరు ఎక్కువ ఉన్నదే మేలు. చవక రకం దగ్గర మెరుగైన టైరు దొరికే సందర్భం ఇలా అరుదుగా వస్తుంది. హెచ్‌టీ అంటే రహదారికి, ఏటీ అంటే అన్ని నేలలకు, ఎంటీ అంటే బురదకు. పాత జిప్సీ పత్రాల్లో మాత్రం హెచ్‌టీ అంటే గట్టి పైకప్పు. ఒకసారి ఒక పెద్దమనిషి జిప్సీ హెచ్‌టీ అని చదివి దానికి రహదారి టైర్లు వేసి అమ్మారనుకున్నారు. ఆయన తప్పేమీ లేదు, అక్షరాలే అలా ఉన్నాయి.

మన దారులను బట్టి

నర్సంపేట, పరకాల వైపు పొలానికి పోయి రావడం, ఎరువుల బస్తాలు, ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లి రావడం, పండక్కి ఏడుగురిని ఎక్కించుకోవడం మీ పని అయితే బొలెరో నియో ఎన్10 ఓ రకం చూడండి. పేరు చివర ఆ ఓ ముఖ్యం. శక్తి వెనక చక్రాలకే వెళుతుంది కానీ ఎంఎల్‌డీ వచ్చేది ఆ రకంలోనే. ఎన్4, ఎన్8, ఎన్10 చూసి, ధర తక్కువని తెచ్చుకుని, బురదలో కూరుకుపోయాక ఓ విలువ తెలిస్తే ఏం లాభం? బరువులే ప్రధానమైతే బొలెరో క్యాంపర్ 4డబ్ల్యూడీ ఉంది. అందంగా ఉండదు, పని చేస్తుంది. ఈ పనికి థార్ కొనేవారిని చూస్తే నాకు జాలి. వెనక సీటు మడిచినా పది బస్తాలు పట్టవు.

ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం వైపు గూడేల్లో తిరిగే ఉద్యోగులు, ఆరోగ్య కార్యకర్తలు, టీచర్లకు నా ఓటు జిమ్నీకి. బరువు సుమారు 1200 కిలోలే. మెత్తటి నేలలో తేలికైన బండి మునగదు, ఇది ఏ అక్షరమూ చెప్పని సంగతి. ఇరుకు దారిలో ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకు తప్పుకోవడం సులువు. జీటా, ఆల్ఫా అని రెండు రకాలు, రెండింట్లోనూ 4ఎల్ ఉంది. కాబట్టి అక్షరాల గొడవే లేదు, జీటా తీసుకుని మిగిలిన డబ్బు మంచి టైర్లకు పెట్టండి. దీని లోపం బలం: 105 పీఎస్, నలుగురు కూర్చుని ఏసీ వేసుకుని రహదారి మీద లారీని దాటాలంటే కాస్త ముందుగా మనసు సిద్ధం చేసుకోవాలి.

హైదరాబాదుకు నెలకు నాలుగుసార్లు 163వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లాలి, సెలవుల్లో లక్నవరం, బొగత వైపు తిరగాలి, ఇంట్లో అమ్మ ఉన్నారు. ఇలాంటివారు మూడు తలుపుల బండి వైపు చూడనే వద్దు. ముందు సీటు మడిచి వెనక్కి ఎక్కమని డెబ్బై ఏళ్ల మనిషిని ఎలా అడుగుతారు? థార్ రాక్స్ లేదా స్కార్పియో-ఎన్ చూడాలి. రాక్స్‌లో ఎంఎక్స్1, ఎంఎక్స్3, ఎంఎక్స్5 ఒక వరస, ఏఎక్స్3ఎల్, ఏఎక్స్5ఎల్, ఏఎక్స్7ఎల్ ఇంకో వరస. నాలుగు చక్రాల శక్తి డీజిల్‌లోనే, అదీ ఎంఎక్స్5, ఏఎక్స్5ఎల్, ఏఎక్స్7ఎల్ రకాల్లోనే. పెట్రోలు రాక్స్ కొని 4×4 అడిగితే ఆ బండే లేదు. ఈ మూడింట్లో ఎంఎక్స్5 చాలు. చక్రాల మధ్య దూరం రాక్స్‌లో 2850 మిల్లీమీటర్లు, మూడు తలుపుల థార్‌లో 2450. పొడవు పెరిగితే ప్రయాణం హాయి, కానీ గట్టు దాటేటప్పుడు నడుము తగులుతుంది. నడుము తగలకుండా దాటగల కోణం థార్‌లో 27 డిగ్రీలు, రాక్స్‌లో 23.9. పొలం గట్లు దాటడమే పని అయితే ఈ మూడు డిగ్రీలు తెలుస్తాయి, రహదారిలో తెలియవు.

సరదా కోసమే కొనేవారికి, అంటే ఆదివారం వస్తే బురదలోకి దిగకపోతే నిద్ర పట్టనివారికి, ఎమ్‌హాక్ 130 ఉన్న 4×4 థార్ ఎంఎల్‌డీతో, లేదా ఫోర్స్ గూర్ఖా. గూర్ఖాలో ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు రెండింటికీ బిగించే లాకులు ఉన్నాయి, గాలి పీల్చే గొట్టం ఫ్యాక్టరీ నుంచే పైకి పెట్టి వస్తుంది, ఇంజన్ 140 హెచ్‌పీ. పనిలో దానికి ఎదురు లేదు. కానీ సర్వీసు కేంద్రం మీ ఊరికి ఎంత దూరమో చూసుకోకుండా కొనకండి. అభయారణ్యం లోపల దారి వదిలి బండి దింపడం చట్టం ఒప్పుకోదన్నది పాఖాల, ఏటూరునాగారం వైపు వెళ్లేవారు గుర్తుంచుకోవాలి.

నీటి లోతు గురించి ఒక మాట. థార్‌కు 650 మిల్లీమీటర్లు, గూర్ఖాకు 700 అని రాస్తారు. అది నిలిచి ఉన్న నీటి లెక్క. 2023 జులైలో మోరంచవాగు మోరంచపల్లిని ఎలా ముంచిందో మన జిల్లాల వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పారే వాగుకు ఈ అంకెలు చదవడం రాదు. కల్వర్టు మీద నుంచి నీళ్లు పోతుంటే ఏ రకం బండి అయినా ఆగాల్సిందే.

పాత ఏపీ 36 బండ్లు

ఏపీ 36 అంటే రాష్ట్రం విడిపోకముందు వరంగల్ జిల్లా బండ్ల నంబరు. వరంగల్ ఆటోనగర్‌లో పాత జీపులు ఇంకా కనిపిస్తాయి. బీడీవో గారి జీపు ఊళ్లోకి వస్తే పిల్లలు వెంట పరుగెత్తిన రోజుల నాటివి. సీజే అంటే సివిలియన్ జీపు, యుద్ధం ముగిశాక మామూలు జనానికి చేసినది. సీజే3బీ బానెట్ మిగతా వాటికంటే ఎత్తుగా ఉంటుంది. కింద పెట్టిన హరికేన్ ఇంజన్ అంతకు ముందు దానికంటే ఎత్తైనది, బానెట్ లేపకపోతే పట్టదు, అంతకు మించి రహస్యం లేదు. ఎంఎం540లో ఎంఎం మహీంద్రా అండ్ మహీంద్రా. అందులో ప్యూజో డీజిల్ ఎక్స్‌డీపీ 4.90 ఉంటే ఆ 4 సిలిండర్ల సంఖ్య, 90 సిలిండరు వ్యాసం మిల్లీమీటర్లలో. పిస్టన్ నడక 83 మిల్లీమీటర్లు. ఆ వ్యాసంతో వృత్తం వైశాల్యం కట్టి, నడకతో, సిలిండర్ల సంఖ్యతో గుణించి చూసుకోండి, 2112 సీసీ వస్తుంది. కోడ్ ఇంత నిజాయితీగా ఉన్న ఇంజన్ నేను ఇంకోటి చూడలేదు.

జిప్సీ అయితే ఎంజీ410 మారుతి జిప్సీ నాలుగు సిలిండర్ల 1.0 లీటరు, ఎంజీ413డబ్ల్యూ 1.3 లీటర్లది. డబ్ల్యూ అంటే చక్రాల మధ్య వెడల్పు పెంచినది. మలుపుల్లో ఆ వెడల్పే ప్రాణం, కాబట్టి డబ్ల్యూ లేనిది వద్దు. 2000 తర్వాత వచ్చిన ఎంపీఐ, అంటే పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే రకం, అయితే ఇంకా మంచిది, 80 హెచ్‌పీ ఇస్తుంది. ముందుది 60 మాత్రమే.

వీటిలో ఏది నచ్చినా ముందు పత్రాలు. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. చాసిస్ నంబరు మహీంద్రాది ఎంఏ1తో, మారుతిది ఎంఏ3తో మొదలవుతుంది. ఇది 17 అక్షరాల నంబరు వాడుకలోకి వచ్చాక చేసిన బండ్ల సంగతి, మరీ పాత జీపుల్లో వెతకకండి. చాసిస్ మీద కొట్టిన నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఇంజన్ మార్చిన జీపులు మన వైపు చాలా ఉన్నాయి. మార్చిన సంగతి ఆర్‌సీలో ఎక్కకపోతే ఆ బండి ఎంత బాగా నడిచినా వదిలేయండి.

బావమరిది చివరికి ఆ థార్ తీసుకోలేదు. నియో ఎన్10 ఓ కోసం షోరూమ్‌లో పేరు రాయించాడు. మొన్న పొద్దున వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. చింతచెట్టు కింద ముక్కు ఎత్తుగా ఉన్న ఒక పాత జీపు, టైర్లలో గాలి లేదు, నంబరు ప్లేటు మీద ఏపీ 36. కింద రాశాడు: "సీజే3బీనే కదా బావా? ఆర్‌సీ వాళ్లింట్లోనే ఉందట, రేపు చూసి చెబుతాను."